మన వేసవి, వాళ్ల వేసవి: ఎదిగిన పిల్లలతో అమెరికా ప్రయాణం ఎలా కుదుర్చుకోవాలి?

అమెరికా ప్రయాణం మాట అనుకోగానే మన ఇళ్లలో ముందుగా కాగితం మీదికి ఎక్కేవి చూడవలసిన ఊళ్ల పేర్లు. న్యూయార్క్, నయాగరా, ఆర్లాండో, లాస్ వేగాస్, గ్రాండ్ కేన్యన్, మధ్యలో డాలస్‌లో పిన్ని వాళ్ల ఇల్లు, ఎడిసన్‌లో మేనమామ వాళ్ల ఇల్లు. జాబితా తయారయ్యాక టికెట్ల ధరలు చూస్తారు, ఆ తరువాత వీసా సంగతి గుర్తుకొస్తుంది. పదమూడు నుంచి పందొమ్మిదేళ్ల మధ్య పిల్లలున్న కుటుంబం మాత్రం ఈ వరుసను పూర్తిగా తిరగేసుకోవాలని నా నిశ్చితాభిప్రాయం. ఎప్పుడు వెళ్లగలమో తేలితే ఎక్కడికి వెళ్లాలో చాలావరకు దానంతట అదే తేలిపోతుంది. ఆ ‘ఎప్పుడు’ తేలడానికి ఇక్కడి బడి సెలవులు, అక్కడి బడి సెలవులు, వీసా ఇంటర్వ్యూ తేదీ అనే మూడు లెక్కలు ఒకచోట కలవాలి. అవి సులభంగా కలవవు.

తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ బడులకు ఏప్రిల్ నాలుగో వారంలో సెలవులు మొదలవుతాయి, సాధారణంగా జూన్ 12న మళ్లీ తెరుస్తారు. అమెరికాలో దేశమంతటికీ ఒకే సెలవులంటూ లేవు; ఒక్కో ప్రాంతంలోని బడులను నడిపే ప్రతి స్కూల్ డిస్ట్రిక్ట్ తన క్యాలెండరు తానే నిర్ణయించుకుంటుంది. టెక్సస్, జార్జియా రాష్ట్రాల్లో చాలా బడులు మే నెలాఖరుకు మూతపడి ఆగస్టులోనే తెరుచుకుంటాయి. కాలిఫోర్నియాలో తరగతులు జూన్ మొదటి, రెండో వారాల దాకా, న్యూజెర్సీలో జూన్ మూడో వారం దాకా నడుస్తాయి. కాబట్టి మన పిల్లలు పూర్తి తీరికగా ఉండే మే నెలలో అక్కడి పిన్ని పిల్లలు, మేనమామ పిల్లలు పొద్దున్నే పసుపు రంగు బస్సెక్కి బడికి పోతుంటారు. వాళ్లకు తీరిక చిక్కేసరికి ఇక్కడ గంట మోగుతుంది. బంధువుల పిల్లలతో కలిసి గడపడమే ముఖ్యోద్దేశంగా బయలుదేరిన కుటుంబానికి ఈ తేడా ముందుగా తెలియకపోతే, పగలంతా ఖాళీ ఇంట్లో టీవీ ముందు కూర్చోవలసి వస్తుంది.

దీనికి మార్గం లేకపోలేదు. మే మొదటి వారంలో బయలుదేరే కుటుంబం చూడవలసిన ప్రదేశాలను ముందుంచి, బంధువుల ఇంటిని చివరికి ఉంచుకోవాలి. టెక్సస్‌లోనో అట్లాంటా పరిసరాల్లోనో ఉన్నవారి దగ్గరికి మే నెలాఖరుకు చేరితే అప్పటికి అక్కడి బడులు మూతపడతాయి, జూన్ మొదటి వారమంతా పిల్లలు కలిసి గడపవచ్చు. మే నెల చివరి సోమవారం మెమోరియల్ డే. ఆ మూడు రోజుల సెలవులో బంధువులకు తీరిక ఉంటుంది కానీ దేశమంతా రోడ్ల మీదే ఉంటుంది. ఆ వారాంతం ఇంటిపట్టున గడిపి, పార్కుల జోలికి పోకపోవడం మంచిది. ఇంకో సంగతి, మెమోరియల్ డేకు ముందున్న మూడు వారాల్లో ప్రసిద్ధ స్థలాల్లో రద్దీ తక్కువగా ఉంటుంది, హోటళ్ల ధరలు కూడా జూలై నాటి స్థాయిలో ఉండవు. మన సెలవులు ముందే రావడం ఈ ఒక్క విషయంలో మనకు లాభమే.

ఇక పిల్లలు ఏ తరగతిలో ఉన్నారన్నది చూడాలి. పదో తరగతి పరీక్షలు ముగిసిన వేసవి అన్నిటికంటే అనువైనది. జూనియర్ కళాశాలలు జూన్ మొదటి వారంలో తెరుచుకునేదాకా చేతిలో ఏ పనీ ఉండదు. సీబీఎస్ఈ వారికి 2026 నుంచి పదో తరగతి రెండో విడత పరీక్ష మే నెలలో వస్తోంది కాబట్టి, ఆ అవకాశాన్ని వాడుకోదలచినవారు ముందే ఆలోచించుకోవాలి. ఇంటర్ మొదటి సంవత్సరం తరువాత సెలవులు కాగితం మీద ఉన్నా చాలా ప్రైవేటు కళాశాలలు ఏదో ఒక పేరుతో తరగతులు నడుపుతాయి. ఇంటర్ రెండో సంవత్సరం ముగిసిన వేసవి మాత్రం ప్రయాణానికి పనికిరాదనే చెప్పాలి. ఏప్రిల్‌లో జేఈఈ మెయిన్ రెండో విడత, మే మొదట్లో నీట్, ఆ చుట్టుపక్కలే రెండు రాష్ట్రాల ఈఏపీసెట్‌లు, ఆ తరువాత జేఈఈ అడ్వాన్స్‌డ్, జూన్, జూలై నెలల్లో కౌన్సెలింగ్. కాలిఫోర్నియాలో అర్ధరాత్రి లేచి కళాశాలల ఆప్షన్లు పెట్టుకుంటూ యోసెమిటీ జాతీయ పార్కును ఆనందించడం ఎవరికీ సాధ్యం కాదు. ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే, పెద్దవాళ్లు పదో తరగతి దాటిన ఏడాదిని లక్ష్యంగా పెట్టుకుని కనీసం ఏడాదిన్నర ముందు వీసా పని మొదలుపెట్టాలి.

అంత ముందుగా ఎందుకంటే, మన దేశంలో పర్యాటక వీసా ఇంటర్వ్యూ తేదీ దొరకడానికి నెలల తరబడి వేచి ఉండవలసి వచ్చిన సందర్భాలు ఎన్నో ఉన్నాయి. రెండు తెలుగు రాష్ట్రాలవారికి, ఒడిశావారికి హైదరాబాద్‌లోని అమెరికన్ కాన్సులేట్ ఆధారం; అది 2023 మార్చి నుంచి నానక్‌రామ్‌గూడలోని సొంత భవనంలో పనిచేస్తోంది. బీ1/బీ2 అనే ఈ పర్యాటక వీసా దరఖాస్తు రుసుము మనిషికి 185 డాలర్లు. 2025 జూలై 4న చట్టమైన మరో 250 డాలర్ల ‘వీసా ఇంటెగ్రిటీ ఫీజు’ అమలు ఎంతవరకు వచ్చిందో డబ్బు కట్టే నాటికి కాన్సులేట్ వెబ్‌సైటులో చూసుకోవాలి. ఇంతకుముందు పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఇంటర్వ్యూకు తీసుకువెళ్లవలసిన అవసరం ఉండేది కాదు. 2025 సెప్టెంబరు 2 నుంచి ఆ వెసులుబాటు తొలగిపోయింది, కాబట్టి పదమూడేళ్ల పిల్ల అయినా కాన్సులర్ అధికారి ముందు నిలబడవలసిందే. ఆ రోజు బడిలో పరీక్ష లేకుండా చూసుకోవాలి. ఇంటర్వ్యూ తెలుగులో జరపమని అడగవచ్చు. ఇంగ్లీషు తడబడే తల్లిదండ్రులకు, వాళ్ల బదులు పిల్లలు మాట్లాడవలసి వస్తుందేమోనన్న బెంగ అక్కరలేదు.

వీసా కోసం ఆన్‌లైన్‌లో నింపే డీఎస్-160 దరఖాస్తు దగ్గర టీనేజ్ పిల్లల విషయం మరింత సున్నితమవుతుంది. గత అయిదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లను ఆ ఫారం అడుగుతుంది. చాలా ఇళ్లలో తండ్రి కంప్యూటరు ముందు కూర్చుని అందరి ఫారాలూ తానే నింపేస్తాడు, అమ్మాయికి ఇన్‌స్టాగ్రామ్‌లో ఉన్న ఒక ఖాతా పేరు రాస్తాడు. ఆ అమ్మాయికి స్నేహితుల కోసం వేరే పేరుతో ఇంకో ఖాతా ఉండవచ్చు, ఆ సంగతి ఇంట్లో తెలియకపోవచ్చు. ఫారం చివర సంతకం చేయడమంటే సమాచారమంతా నిజమని ప్రమాణం చేస్తున్నట్టు లెక్క కాబట్టి ఆ పేజీ వచ్చినప్పుడు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని, ఖాతాలో ఏముందని ఆరా తీయబోమని ముందే మాటిచ్చి, పేర్లు మాత్రం వాళ్లచేతే టైపు చేయించడం మంచి పద్ధతి. ప్రయాణంలో పిల్లలను పెద్దవాళ్లుగా చూడడం ఇక్కడినుంచే మొదలవుతుంది.

అదే ఫారంలో మరో ప్రశ్నను మనవాళ్లు తరచుగా చదవకుండా దాటేస్తారు: మీ తరఫున ఎవరైనా ఇమిగ్రెంట్ పిటిషన్ (అమెరికాలో స్థిరపడడానికి పెట్టే దరఖాస్తు) దాఖలు చేశారా? పౌరసత్వం వచ్చిన అన్నయ్యో అక్కో ఎన్నో ఏళ్ల కిందట తోబుట్టువుల కోటాలో దరఖాస్తు పెట్టి ఉంటే, భారతీయులకు ఆ వరుస పదిహేనేళ్లకు పైగా సాగుతుంది కాబట్టి, ఇంట్లో అందరూ దాన్ని మరిచిపోయి ఉంటారు. ‘అవును’ అని రాస్తే పర్యాటక వీసా రాదన్న భయంతో ‘కాదు’ అని రాసేవారూ ఉన్నారు. అమెరికా వలస చట్టంలోని 214(బి) సెక్షన్ ప్రకారం ప్రతి దరఖాస్తుదారూ అక్కడే స్థిరపడే ఉద్దేశంతో వస్తున్నాడని అధికారి భావించాలి, కాదని నిరూపించుకునే భారం మనది. ఉద్యోగం, వ్యాపారం, పిల్లల చదువు, తిరిగి వచ్చే తేదీ ఇవన్నీ ఆ భారాన్ని తేలిక చేస్తాయి. అబద్ధం మాత్రం ఒక వేసవితో పోయేది కాదు. రేపు ఆ పిల్లలే చదువు కోసం ఎఫ్-1 వీసా అడిగే రోజు వస్తుంది. వీసా చేతికి వచ్చేదాకా డబ్బు వెనక్కి రాని టికెట్లు కొనకూడదన్న మాట వేరే చెప్పనక్కరలేదు.

హైదరాబాద్‌లో మరో రకం కుటుంబాలు కూడా తక్కువేమీ కాదు. తల్లిదండ్రులు అక్కడ ఉద్యోగం చేస్తున్నప్పుడు పుట్టి, తరువాత వాళ్లతోపాటు తిరిగి వచ్చిన పిల్లలు అమెరికా పౌరులు. వాళ్లకు వీసా ఉండదు. అమెరికా పాస్‌పోర్టు మీదే ఆ దేశంలోకి ప్రవేశించాలి, ఇక్కడికి తిరిగి రావడానికి ఓసీఐ కార్డో (విదేశీ పౌరులైన భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చేది) భారతీయ వీసానో ఉండాలి. పదహారేళ్లలోపు తీసుకున్న అమెరికా పాస్‌పోర్టు అయిదేళ్లకే ముగుస్తుంది. మన పాస్‌పోర్టుకూ ఇలాంటి చిక్కే ఉంది. మైనర్లకు ఇచ్చే భారతీయ పాస్‌పోర్టు సాధారణంగా అయిదేళ్లే చెల్లుతుంది, పదేళ్ల వీసా అంతకంటే ఎక్కువ కాలం బతికి ఉంటుంది. పాత పాస్‌పోర్టులో ఉన్న చెల్లుబాటు వీసాతో, కొత్త పాస్‌పోర్టు కలిపి పట్టుకుని నిరభ్యంతరంగా ప్రయాణించవచ్చు. పాతదాన్ని ఇంట్లో వదిలేస్తే విమానమెక్కనివ్వరు. వీసా పదేళ్లు ఉన్నా, ఎన్నాళ్లు ఉండవచ్చో నిర్ణయించేది విమానాశ్రయంలోని అధికారి. సాధారణంగా ఆరు నెలలు ఇస్తారు, ఆ తేదీ ఐ-94 అనే రాకపోకల రికార్డులో ఉంటుంది. దిగిన వారంలోపే ఇంటిల్లిపాది ఐ-94లూ ఆన్‌లైన్‌లో తెరిచి, పిల్లల పేర్లు, తేదీలు సరిగా ఉన్నాయో లేదో చూసుకోవాలి.

తేదీలు కుదిరాక దూరాల సంగతి. న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు రోడ్డు మీద దాదాపు 4,500 కిలోమీటర్లు. విమానంలో ఆరు గంటలు, గడియారంలో మూడు గంటల తేడా. మూడు వారాల్లో తూర్పు తీరం, పడమటి తీరం, ఫ్లోరిడా, మధ్యలో టెక్సస్ అన్నీ చుట్టిరావాలనుకునే ప్రణాళికలో సగం రోజులు విమానాశ్రయాల్లోనే పోతాయి. రెండు ప్రాంతాలు చాలు. ఒక తీరంలో దిగి, మరోచోట నుంచి తిరిగి వచ్చేలా మల్టీ సిటీ టికెట్ తీసుకుంటే వెనక్కి మళ్లే ఖర్చు, అలసట రెండూ తప్పుతాయి. దోహా, దుబాయ్, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా వెళ్లినప్పుడు అమెరికాలో మొదట దిగిన ఊళ్లోనే ఇమిగ్రేషన్ ముగించుకుని, పెట్టెలు చేత పట్టుకుని, కస్టమ్స్ దాటాక మళ్లీ అప్పగించాలి. తరువాతి విమానానికి మూడు గంటలైనా వ్యవధి లేకపోతే పరుగే. అబుదాబిలో మాత్రం అమెరికా తనిఖీ అక్కడే పూర్తవుతుంది.

మే నెలలో తూర్పు తీరం హాయిగా ఉంటుంది. న్యూయార్క్ నుంచి వాషింగ్టన్‌కు రైలులో మూడున్నర గంటలు, అక్కడి స్మిత్‌సోనియన్ మ్యూజియాలకు ప్రవేశ రుసుము లేదు. సైన్సు ఇష్టపడే పిల్లలుంటే డల్లెస్ విమానాశ్రయం పక్కనున్న ఉద్వర్-హేజీ కేంద్రానికి ఒక పూట కేటాయించాలని గట్టిగా చెబుతాను. అంతరిక్షంలోకి వెళ్లి వచ్చిన డిస్కవరీ షటిల్ అక్కడ చేయి చాస్తే అందేంత దగ్గరగా ఉన్నట్టు కనిపిస్తుంది. కింది భాగంలో కాలిన పలకల మచ్చలు చూసినప్పుడు, వాతావరణంలోకి తిరిగి వచ్చేటప్పుడు ఎంత వేడి పుడుతుందో పాఠ్యపుస్తకం చెప్పనంత స్పష్టంగా అర్థమవుతుంది. నయాగరా మాత్రం న్యూయార్క్ పక్కనే ఉందనుకోకూడదు, కారులో ఏడు గంటల దారి. కెనడా వైపు నుంచి చూడాలంటే భారతీయ పాస్‌పోర్టుకు కెనడా వీసా వేరే ఉండాలి.

పడమటి దిక్కున మే నెలకు ఒక మెలిక ఉంది. యోసెమిటీ జలపాతాలు మంచు కరిగే మే, జూన్ నెలల్లోనే నిండుగా దూకుతాయి, ఆగస్టులో వచ్చినవారికి ఆ దృశ్యం దొరకదు. అయితే ఆ పార్కును తూర్పు దిక్కుకు దాటించే టియోగా రోడ్డు మంచు కారణంగా చాలా ఏళ్లలో మే నెలాఖరు వరకో జూన్ వరకో తెరుచుకోదు. మ్యాపులో చూస్తే యోసెమిటీ నుంచి లాస్ వేగాస్ దగ్గరగానే ఉన్నట్టు ఉంటుంది. ఆ రోడ్డు మూసి ఉంటే దక్షిణంగా బేకర్స్‌ఫీల్డ్ మీదుగా చుట్టు తిరిగి రోజంతా ప్రయాణించాలి. లాస్ వేగాస్ నుంచి గ్రాండ్ కేన్యన్ అన్నప్పుడు కూడా ఏ గ్రాండ్ కేన్యన్ అని అడగాలి. రెండు, రెండున్నర గంటల్లో చేరేది స్కైవాక్ అనే గాజు వంతెన ఉన్న పడమటి కొన. అది హువలపాయి తెగవారి భూమి, జాతీయ పార్కులో భాగం కాదు. ఫొటోల్లో చూసే ఆ విశాలమైన లోయ కనిపించేది సౌత్ రిమ్ అనే దక్షిణపు అంచు నుంచి, అక్కడికి నాలుగున్నర గంటలు పడుతుంది. సముద్ర మట్టానికి దాదాపు 7,000 అడుగుల ఎత్తు కాబట్టి మేలో కూడా ఉదయాలు చల్లగా ఉంటాయి, స్వెటర్ కావాలి. ఒక్కరోజులో వెళ్లి వచ్చే బస్సు యాత్ర కంటే అక్కడ ఒక రాత్రి ఉండి సూర్యోదయం చూడడానికి ఖర్చు పెట్టడం ఎంతో మేలు.

టికెట్ కిటికీల దగ్గర టీనేజ్ పిల్లలు పిల్లలు కారన్నది బడ్జెట్ వేసేటప్పుడే గుర్తుండాలి. విమాన సంస్థలు పన్నెండేళ్లు నిండితే పెద్దల ధర తీసుకుంటాయి, డిస్నీ పార్కుల్లో పదేళ్లకే పెద్దల టికెట్. 2026 జనవరి 1 నుంచి గ్రాండ్ కేన్యన్, యోసెమిటీ, ఎల్లోస్టోన్, జయాన్ సహా పదకొండు ప్రసిద్ధ జాతీయ పార్కుల్లో పదహారేళ్లు, ఆ పైబడిన విదేశీ సందర్శకుల నుంచి మామూలు రుసుము కాక మనిషికి 100 డాలర్లు అదనంగా వసూలు చేస్తున్నారు. విదేశీయులకు ఏడాది పాస్ 250 డాలర్లు. ఇద్దరు తల్లిదండ్రులు, ఒక పదిహేడేళ్ల కొడుకు ఉన్న ఇంటివారు రెండు పార్కులు చూడదలిస్తే పాస్ తీసుకోవడమే నయం. ఇంకో పక్క అదే కొడుకు లాస్ వేగాస్ కాసినోల్లో ఆట బల్లల దగ్గర ఆగడానికి వీల్లేదు, ఇరవై ఒక్కేళ్లు నిండాలి. అద్దె కారు నడపడం పిల్లలకు ఎలాగూ కుదరదు. నడిపే పెద్దవారు ఆర్టీవో కార్యాలయంలో ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకుని, తమ పేరు మీదే ఉన్న క్రెడిట్ కార్డు వెంట ఉంచుకోవాలి. తల్లిదండ్రుల్లో ఒకరే పిల్లలను తీసుకువెళ్తుంటే రెండోవారి అంగీకారపత్రం నోటరీ చేయించి పెట్టుకోవడం శ్రేయస్కరం. వైద్య బీమా లేకుండా మాత్రం ఒక్కరోజు కూడా ఉండకూడదు, ఇందులో మరో మాట లేదు.

మే నెలంటే కొత్త ఆవకాయ కాలం కాబట్టి పెట్టెల్లో జాడీలు తప్పవు. మాంసం కలవని పచ్చళ్లను సాధారణంగా అనుమతిస్తారు, అడిగినప్పుడు ఉన్నాయని చెప్పాలి. మామిడిపళ్లు, పచ్చి కరివేపాకు, కోడి పచ్చడి, గోంగూర మాంసం కుదరవు. దాచిపెట్టి దొరికితే జరిమానా పడుతుంది.

బంధువుల ఇంట్లో దిగేవారు ఆలోచించవలసింది డబ్బు ఆదా కంటే వాళ్ల తీరిక. అక్కడి ఉద్యోగాల్లో ఏడాది మొత్తానికి రెండు మూడు వారాల సెలవులే ఉంటాయి, వాటినీ చాలామంది ఇండియా రావడానికి దాచుకుంటారు. మన కోసం ఆ సెలవులన్నీ ఖర్చు చేసి కారు నడపాలని ఎదురుచూడడం న్యాయం కాదు. వారాంతాలు వాళ్లతో, పనిరోజులు మన సొంతంగా అని ముందే మాట్లాడుకుంటే ఆ ఇంట్లో ఇబ్బంది ఉండదు. డాలస్ శివార్లలాంటి చోట కారు లేకుండా గడప దాటలేరు, కాబట్టి ఆ రోజులకు అద్దె కారు లెక్క వేసుకోవాలి.

చదువు కోసం ఎటూ అమెరికా వస్తారన్న ఆలోచన ఉన్నవారు విశ్వవిద్యాలయాలు చూపించాలనుకుంటారు. బీ2 వీసా మీద క్యాంపస్ చూడవచ్చు, అడ్మిషన్ల విభాగం జరిపే సందర్శనకు పేరు నమోదు చేసుకోవచ్చు. సరదాగా నేర్చుకునే చిన్న శిబిరాల్లో చేరవచ్చు. క్రెడిట్లు ఇచ్చే వేసవి కోర్సులో మాత్రం చేరకూడదు, దానికి విద్యార్థి వీసా కావాలి. పిల్లలకు ఆసక్తి ఉంటేనే ఒకటి రెండు చూపించాలి తప్ప హార్వర్డ్, ఎంఐటీ, ప్రిన్స్‌టన్ అంటూ వరసపెట్టి తిప్పితే సెలవు కాస్తా చదువు ఒత్తిడిగా మారుతుంది. ఇంటర్ ముంగిట ఉన్న పిల్లలకు అది ఎలాగూ తొందరలోనే రానుంది.

వీలైనంత వరకు కొన్ని రోజుల పెత్తనం వాళ్లకే ఇవ్వాలి. ఏం చూడాలని నామమాత్రంగా అడిగి, చివరికి పెద్దలే నిర్ణయిస్తే వాళ్లకు వెంటనే తెలిసిపోతుంది. న్యూయార్క్ ఇందుకు మంచి చోటు: సబ్‌వే గేటు దగ్గర కాంటాక్ట్‌లెస్ కార్డు తాకిస్తే చాలు, కారు అక్కరలేదు, దారి తప్పినా తరువాతి స్టేషన్‌లో దిగి వెనక్కి రావచ్చు. ఒక రోజంతటికీ ఇంత అని డబ్బు అప్పగించి, ఎక్కడ తినాలో, ఏ రైలెక్కాలో, ఎప్పుడు విశ్రాంతి తీసుకోవాలో పదహారేళ్ల అమ్మాయినో అబ్బాయినో నిర్ణయించనివ్వాలి. రైలు తప్పు దిశలో ఎక్కించినా వెంటనే అడ్డుపడకూడదు. బంధువుల పిల్లలతో విడిగా బయటికి పంపే రోజున ఫోనులో అక్కడి సిమ్ లేదా ఈసిమ్, పాస్‌పోర్టు నకలు, బస చేసిన ఇంటి చిరునామా ఉన్నాయో లేదో చూసి, అత్యవసరమైతే 911కు ఫోన్ చేయాలని చెప్పి, తిరిగి రావలసిన సమయం ఖాయం చేసుకుని పంపాలి.